కొండ గింజ నొసలు చూడదు

మా అత్త పోయిందన్న ఉత్తరం కుప్పం నుంచి మదనపల్లెకు రావడానికి మూడు రోజులు పట్టింది. కాలేజీకి బయల్దేరుతుంటే పోస్ట్‌మ్యాన్ గేటు బయటే నిలబడి చెయ్యి చాచి కార్డు ఇచ్చాడు. రోజూ వరండా దాకా వచ్చి పలకరించే మనిషి ఆ రోజు కళ్ళు కూడా ఎత్తలేదు. కార్డుకు నాలుగు మూలలా నల్ల సిరా పూసి ఉంది. అలాంటి ఉత్తరం గడప దాటకూడదనీ, బయటే చదివి చించి పారెయ్యాలనీ మా వైపు పట్టింపు. చదివాను గానీ చించడానికి చేతులు రాలేదు. చిన్నాన్న రాత. శివరాత్రి పోయిన నాలుగో నాడు అక్క కన్ను మూసింది, ఎండలు ముదిరాయి కనక ఎవరి కోసమూ ఆగకుండా ఆ సాయంత్రమే మట్టి చేశాము, పదో దినానికి వచ్చేది. అంతే. కార్డును పుస్తకాల మధ్య పెట్టుకుని కాలేజీకి వెళ్ళి రెండు క్లాసులూ చెప్పాను. ఏం చెప్పానో ఇప్పటికీ గుర్తు రాదు.

మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. పేరు రాసినా ప్రయోజనం లేదు, ఊళ్ళో కూడా ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. నాకు మేనత్త, నాన్నకు అక్క. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయాలని కూర్చుంటే కలం అక్కడ ఆగడం లేదు. ఆమె చేతి మీద పదేళ్ళపాటు ఒక నింద ఉండింది. అది అబద్ధమని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ సంగతి ఒప్పుకోకుండా ఆమెను పొగడటం నాకు చేతకావడం లేదు.

మాది చౌడేపల్లెకు అవతల, గుట్ట కింద ఊరు. రాగులు, వేరుశనగ, ఉలవలు, వాన దయ మీద బతికే చేలు. అత్తను పెద్దమండ్యం వైపు ఇచ్చారట. పందొమ్మిదేళ్ళకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. నాకు బుద్ధి తెలిసేటప్పటికి ఆమె వెనక కొట్టంలో ఆవుల దగ్గర పనిచేసే మనిషి.

మా ఇళ్ళలో పంట చేరాక విత్తనం కుండ మూతి మెత్తే రోజని ఒకటి ఉంటుంది. ఏరి ఎండబెట్టిన గింజల్లో బూడిద కలిపి, వేపాకు వేసి కుండకు పోస్తారు. మూకుడు బోర్లించి, ఎర్రమన్నూ పేడా కలిపిన ముద్దతో గాలి చొరకుండా మూతి చుట్టూ మెత్తుతారు. మెత్తే చెయ్యి ముత్తైదువదే కావాలి. ఒకసారి మెత్తితే ఏరువాక వాన పడేదాకా దాన్ని ఎవరూ తెరవరు. ఇంట్లో ఎంత కరువొచ్చినా సరే, మధ్యలో తెరిస్తే గింజలో ప్రాణం పోతుందని నమ్మకం. ఆ ఏడు వాన తప్పితే కుండ అలాగే మరుసటి ఏటికి ఉంటుంది.

ఆ రోజు అత్త ముందు వాకిట్లోకి వచ్చేది కాదు. ఎందుకు రాదని నేను ఐదారేళ్ళ వయసులో అవ్వను అడిగాను. "ముండమోపి చెయ్యి పడితే గింజ మొలుస్తాదా?" అంది అవ్వ, కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా. అవ్వ అంటే అత్తను కన్నతల్లే. అత్త పది అడుగుల దూరంలో కుడితి తొట్టి కడుగుతూ ఉంది. వినపడనట్టే కడిగింది. ఆ రోజు తొట్టి మాత్రం చాలాసేపు కడిగింది.

గుట్ట సంగతి కూడా చెప్పాలి. నా చిన్నప్పుడు దాని మీద వేప, నేరేడు, కానుగ, రేల, పేరు తెలియని ముళ్ళ చెట్లు చాలా ఉండేవి. బొగ్గులు కాల్చేవాళ్ళు వచ్చి ఖాళీ చేశారని మావాళ్ళు చెప్పుకుంటారు. మేమూ కొట్టాం. మా పెళ్ళిళ్ళకూ చావులకూ కట్టెలు ఇంకెక్కడి నుంచి వచ్చాయి? చెట్లు పోయాక వానొచ్చిన ప్రతిసారీ గుట్ట మన్ను కిందికి దిగి చేల మీద ఇసుక మేట వేసేది. బావుల్లో ఊట తగ్గింది. డెబ్బైల చివర్లో, నేను తిరుపతిలో ఎమ్మెస్సీ అయ్యి మదనపల్లె కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతూ శనివారం శనివారం బస్సెక్కి ఊరికి వస్తున్న రోజుల్లో, గుట్టను రాయి క్వారీకి అడుగుతూ బయటివాళ్ళు జీపుల్లో రావడం మొదలైంది. ఊళ్ళో కొందరికి అది వెతుక్కుంటూ వచ్చిన భాగ్యంలా కనపడింది. కొందరం వద్దన్నాం. పంచాయతీ దగ్గర రెండు మూడుసార్లు రభస జరిగాక సర్పంచు ఒక మాటకు వచ్చాడు. రెండేళ్ళ వానలు గడువు. గుట్ట మీద మళ్ళీ చెట్టు లేపుతామన్నవాళ్ళు లేపి చూపించాలి. లేపలేకపోతే గుట్టను రాయికి ఇమ్మని తీర్మానం రాసి పంపేస్తారు.

అలా పదిమందిమి జట్టయ్యాం. ఊరు మాకు గింజల జట్టని పేరు పెట్టింది, వెక్కిరింపుగానే. చుట్టుపక్కల ఇంకా చెట్టు మిగిలిన కొండలకు పోయి ఈ నేల గింజలే ఏరి తేవాలి, నిలవ చెయ్యాలి, వాన పడగానే గుట్ట మీద వెయ్యాలి. సర్కారు నర్సరీలో నీలగిరి మొక్కలు ఊరికే ఇస్తారని ఎవరో అంటే వద్దన్నది అత్తే. దాని కింద గడ్డి లేవదు, దాని ఆకు మేకయినా ముట్టదు, అది మన గుట్టకు చుట్టం కాదు అని ఆమె వాదన.

నిజానికి ఆమెను జట్టులోకి ఎవరూ పిలవలేదు. మొదటి ఆదివారం మేం బయల్దేరేసరికి కొంగు నడుముకు చుట్టి, భుజాన గోనెసంచీ వేసుకుని రచ్చబండ దగ్గర నిలబడి ఉంది. అప్పటికి యాభై దాటి ఉంటాయి. మాలో ఒకామె గొణిగింది, విత్తనం పనికి ఈమె చెయ్యేమిటని. అత్త విని నవ్వింది.

"కొండ గింజ నొసలు సూడదుమే," అంది. "బొట్టుండాదా లేదా అని మనుషులు సూస్తారు. దానికేం పని?"

ఆమె ముందు నడిచింది, మేం వెనక నడిచాం.

ఆ ఏడాది నేను ఆమె దగ్గర నేర్చుకున్నది తిరుపతిలో నేర్చుకున్నదానికంటే తక్కువేం కాదు. ఎక్కేటప్పుడు చింతగింజ ఒకటి బుగ్గన పెట్టుకునేది, నోరు ఎండకుండా. రేలకాయ కోసే ముందు చెవి దగ్గర ఆడించేది. గలగలమంటే పండినట్టు, లేకుంటే చెట్టుకే వదిలేసేది. వేపగింజను గోటితో చీల్చి లోపల చూపించేది. "పచ్చగుంటే పానముండాది, నల్లబడితే లేదు. ఇంతే పాపా పరీచ్చ." ముప్ఫై దగ్గరపడినా నేను ఆమెకు పాపనే. ఏ చెట్టు కిందా మొత్తం ఏరనిచ్చేది కాదు. సగం అక్కడే వదలాలి. చీమలకూ ఎలుకలకూ ఆ కొండ మీద మనకంటే ముందు నుంచీ పని ఉందనేది.

జట్టులో గంగులప్ప ఉండేవాడు. మేకల మంద ఉన్నవాడు, మా చేనికి పక్క చేనువాడు. మీ మేకలుంటే మొలకొక్కటి మిగలదు, నువ్వు జట్టులో చేరడమేమిటని అత్త దెప్పింది. "మేసేదానికైనా మొలకలుండల్ల గదక్కా," అన్నాడు. కానీ తుమ్మకాయలు మేసిన మేకలు నెమరేస్తూ ఉమ్మేసిన గింజలను దొడ్లో ఏరి మూటకట్టి తెచ్చింది అతనే. అవే త్వరగా మొలుస్తాయట. అది నిజమేనని నేను తర్వాత పుస్తకంలో చూసి అతనికి చెబితే, నా మేకలు చదవకుండానే పాసైనాయని మురిసిపోయాడు.

నాది ఏ మాటా తేల్చి చెప్పలేని స్వభావం. ఏ కొండకు పోవాలి, ఎండలో ఆరబెట్టాలా నీడలోనా అని నన్ను అడిగితే ఇదీ ఉంది, అదీ ఉంది అంటూ నిలబడిపోయేదాన్ని. "నువ్వు తూకమేసేలోగా సంత చెదిరిపోతాది పాపా," అనేది అత్త. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. అదేదో చదువుతో వచ్చిన వినయమని లోపల్లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

కుండల కోసం ఇద్దరం పుంగనూరు సంతకు పోయాం. ఆమె ఒక్కో కుండనూ వేలితో తట్టి, మోతను విని ఎంచింది. పన్నెండు కుండలను గడ్డిలో చుట్టి బస్సుకు తెచ్చేసరికి కండక్టరు నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. "ఏమ్మా, కొత్తగా కాపరం పెడ్తాండారా?" అన్నాడు. ఆమె నొసలు చూశాక నాలుక కరుచుకున్నాడు పాపం. నేను బిగుసుకుపోయాను. అత్త మాత్రం కుండ వొళ్ళో పెట్టుకుంటూ, "ఔనప్పా, గుట్టతో," అంది. బస్సంతా నవ్వింది. దారి పొడవునా ఆమె ముఖంలో ఆ నవ్వు ఉండిపోయింది. ఇప్పుడు ఆమె ముఖం తలచుకుంటే నాకు ముందు కనపడేది అదే.

చలికాలం నుంచి ఆషాఢం దాకా ఏరాం. తుమ్మ, చింత, రేల ముందు వచ్చాయి. తర్వాత కానుగ. చివర్లో నేరేడు, వేప. వేపపండ్లయితే పిల్లలు కూడా బుట్టలకొద్దీ తెచ్చిచ్చారు. గుజ్జు కడిగి నీడలో ఆరబోశాం. పన్నెండు కుండల్లో ఎనిమిది నేరేడుకూ వేపకూ కానుగకూ పోయాయి. ఇక వాన పడితే చాలు.

పడలేదు. ఆషాఢం పోయింది, శ్రావణం సగమైంది. తాగే నీళ్ళకు ఆడవాళ్ళు మైలు దూరం నడుస్తుంటే మొక్కలకు పోసేదేముంది? అప్పుడు జట్టంతా కూర్చుని చేసిన ఆలోచన, మా ఊళ్ళో ఎవరైనా చేసే ఆలోచనే. వాన తప్పితే విత్తనాన్ని ఏం చేస్తాం? మూతి మెత్తి మరుసటి ఏటికి ఉంచుతాం. రాగులకు తాతల నాటి నుంచి అదే చేశాం, వీటికీ అదే. ఎవరికీ అనుమానం రాలేదు. నాకొక్కదానికి వచ్చింది.

నేరేడు గింజ ఆరితే నెల కూడా బతకదు. వేపగింజ మూడు నెలలు ఉంటే గొప్ప. గాలి ఆడకుండా మూసేస్తే ఇంకా ముందే పోతుంది. అది రాగి గింజ కాదు, మూతేసి నిద్రపుచ్చడానికి. ఈ సంగతి నేను చదివాను. క్లాసులో చెప్పాను కూడా. వెంకటగిరికోట వైపు రెండు మంచి వానలు పడ్డాయని విన్నాం. అక్కడ మాకు దూరపు చుట్టాల తోట ఉంది. ఆ వారమే మూటలు కట్టుకుని పోయి అక్కడ నారు పోసి ఉంటే సగం గింజలైనా మొలకలయ్యేవి. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది.

అంతలో మెత్తేదెవరన్న ప్రశ్న వచ్చింది. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఏరింది అందరికంటే ఎక్కువ ఆయక్క. మెత్తేదీ ఆయక్కే," అన్నాడు గంగులప్ప. అప్పుడు, మొదటి రోజు అత్త చెయ్యేమిటని గొణిగిన ఆమే లేచి, మన్నూ పేడా కలిపిన ముద్దను తెచ్చి అత్త ముందు పెట్టింది.

ముప్ఫై ఏళ్ళకు పైగా కొట్టం తలుపు సందులోంచి చూడటమే గానీ అత్త ఏనాడూ విత్తనం కుండ మెత్తి ఎరగదు. ముద్ద చేతిలోకి తీసుకుంది. మొదటి కుండకు మూకుడు బోర్లించి, అంచు వెంట మన్ను పెట్టి, బొటనవేలితో నొక్కుతూ ఒక చుట్టు తిరిగి, ఆగి, తలెత్తి నా వైపు చూసింది.

"పాపా, నువ్వు చదివినదానివి. ఇట్లనేనా?"

ఆ ముఖం చూస్తూ కాదనడం నా వల్ల కాలేదు. పుస్తకంలో రాసింది మన వేప గురించేనా, మన ఎండలకు అది వర్తిస్తుందా, నాకు రూఢిగా తెలుసా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"ఇట్లనే అత్తా," అన్నాను.

పన్నెండు కుండలూ ఆమే మెత్తింది. చివరి దానికి వచ్చేసరికి నా వైపు చూడటం మానేసింది.

మరుసటి ఏడు మృగశిర కార్తెలోనే వాన దంచి కొట్టింది. గుట్ట మీద కారే నీళ్ళ చప్పుడు ఊళ్ళోకి వినపడింది. కుండలు తెరవడం చూడటానికి సగం ఊరు వచ్చింది. సర్పంచు కూడా గొడుగేసుకుని వచ్చాడు. ఆ రోజు ఆదివారం కావడంతో నేనూ ఉన్నాను. మొదటి కుండకు మన్ను రాల్చి మూకుడు ఎత్తగానే ముక్కిపోయిన వాసన వచ్చింది, పాత చెప్పుల వాసన లాంటిది. అత్త చెయ్యి పెట్టి గుప్పెడు వేపగింజలు తీసింది. ఒకటి గోటితో చీల్చింది. నల్లగా ఉంది. ఇంకొకటి. ఇంకొకటి. ఎవరూ ఏమీ అనకముందే ఆమెకు తెలిసిపోయింది, అయినా చీల్చడం ఆపలేదు. కాళ్ళ దగ్గర చీల్చిన గింజలు కుప్ప పడ్డాయి. నేరేడు కుండలో గింజలు ముడుతలు పడి నల్ల రాళ్ళయ్యాయి. కానుగ బూజు పట్టింది. చింతా తుమ్మా రేలా ఉన్న నాలుగు కుండలు బాగానే ఉన్నాయి గానీ వాటిని చూసే ఓపిక అప్పటికి ఎవరికీ లేదు.

మాట ఎవరి నోట మొదలైందో నాకు తెలియదు. వెనక నుంచి వచ్చింది. ముత్తైదువ మెత్తాల్సిన కుండ ఎవరు మెత్తినారని. అక్కణ్ణుంచి ముందుకు పాకింది. ఎన్నడూ లేని ఆచారం చేస్తే ఇట్లా కాక ఎట్లా అవుతుందన్నారు. మన్ను తెచ్చి ముందు పెట్టిన ఆమె తల వంచుకుని గుంపులోకి వెళ్ళిపోయింది.

గంగులప్ప ఒక్కడే ఎదురు తిరిగాడు. "చెయ్యి చెయ్యి అంటారు యాల? గింజకేమొచ్చిందో తెలిసినోళ్ళని అడగండి. ఈడనే ఉండాది గదా చదువులమ్మ." నా వైపు తిరిగాడు. "చెప్పమ్మా. యాల చచ్చినాయి?"

అందరూ నన్ను చూశారు. చెప్పాల్సింది ఒక్క వాక్యం. ఇవి ఎవరు మెత్తినా చచ్చేవే. కానీ ఆ వాక్యం వెంట ఇంకో ప్రశ్న వస్తుంది. మరి పోయినేడు నువ్వు ఇక్కడే కూర్చుని ఉంటివే, ఎందుకు చెప్పలేదని. నేను గొంతు సవరించుకుని, ఖచ్చితంగా చెప్పలేమనీ, కారణాలు చాలా ఉండొచ్చనీ అన్నాను. కాలేజీలో మాట్లాడే గొంతుతో అన్నాను.

గంగులప్ప తలగుడ్డ విదిలించి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అత్త నా వైపు చూడలేదు. తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంటూ ఉంది. "నా చెయ్యేనప్పా," అంది చివరికి. "ఇంగెవర్నీ అనద్దండి."

గడువు ఇంకా ఉంది. ఆ వారమే చెట్ల కింద కొత్త వేపపండ్లు రాలుతున్నాయి. ఏరి నేరుగా తడి నేలలో వేసి ఉంటే ఆ ఏడే మొలిచేవి. ఆ ఒక్క మాట నేను చెప్పి ఉంటే అత్త చేతికి మచ్చా వచ్చేది కాదు, గుట్టకు ఇంకో అవకాశమూ దొరికేది. నేను సోమవారం పొద్దున బస్సెక్కి మదనపల్లె వెళ్ళిపోయాను. జట్టు చెదిరిపోయింది. మిగిలిన నాలుగు కుండల గింజలనూ గంగులప్పా అతని భార్యా గుట్ట మీద చల్లారట. కొన్ని మొలిచాయి. దసరాలోపే పంచాయతీ తీర్మానం వెళ్ళింది. మరుసటి ఎండాకాలానికి గుట్ట మీద మందు పేలుతోంది. మా ఇంటి వెనక గోడ నెర్రె ఇచ్చింది. ఇప్పుడు చౌడేపల్లె నుంచి వచ్చే బస్సులో మలుపు తిరగగానే గుట్ట ఒక పక్క కత్తితో కోసిన జున్నులా తెల్లగా కనపడుతుంది. నేను అటు వైపు సీట్లో కూర్చోను.

ఆ ఏడే అత్త ఊరు వదిలింది. మా చిన్నాన్న కుప్పం దగ్గర మల్బరీ తోట వేసుకుని పట్టుపురుగులు పెంచేవాడు. ఆయన దగ్గరికి పోయింది. ఏటా రెండుసార్లు పోయి చూసి వచ్చేదాన్ని. తోటలో ఆకు కోసేది, మోసేది, చిన్నాన్న ఇంటి పని అంతా చేసేది. పురుగుల తట్టల్లో ఆకు పరచమంటే మాత్రం బుట్ట గుమ్మంలో దించి వెళ్ళిపోయేది. విత్తనాల సంగతి వస్తే లేచి అవతలికి పోయేది. చిన్నాన్న మనవడు పుట్టినప్పుడు ఉయ్యాల కాలితో ఊపడం చూశాను. ముసలితనపు చాదస్తం అనుకున్నాను. అనుకున్నానని చెప్పుకుంటున్నాను.

అక్కడ కూడా ఆమె కొండ మానలేదు. ఒంటరిగా పోయి ఏరేది. కానీ ఒక్క గింజ కూడా ఇంటికి తెచ్చేది కాదు. ఎక్కడ ఏరిందో ఆ చుట్టుపక్కలే, ఆ పొద్దే, దారి అంచున కర్రతో గుంట చేసి కాలితో మన్ను తోసేసేది. దాచుకోవచ్చు కదా అత్తా అంటే, "నా దగ్గర నిలవుండవు పాపా," అనేది. నిలవుంచకుండా వెంటనే వెయ్యడమే వేపకూ నేరేడుకూ సరైన పద్ధతి. తప్పుడు నింద నమ్మి ఆమె ఒప్పయిన పని చేస్తోంది. ఊరి బయట కొండకు పోయే దారిలో వేపమొక్కలూ నేరేడు మొక్కలూ నడుమెత్తు లేచి ఉండటం నేను చూశాను. నువ్వు వేసినవేనా అంటే, కాదు, వాటంతట అవి లేచినాయనేది.

పోయిన డిసెంబరు సెలవుల్లో వెళ్ళినప్పుడు ఆమె బాగా తగ్గిపోయి ఉంది. తిన్నె మీద కూర్చుని ఇద్దరం అనపకాయలు ఒలుస్తున్నాం. వచ్చే ఏటికి ఉంటుందో ఉండదో అనిపించింది. పదేళ్ళు నోట్లో దాచుకున్నదంతా చెప్పేశాను. ఆ గింజలు ఎవరు మెత్తినా చచ్చేవేనని, నాకు ముందే తెలుసని, నువ్వు అడిగినప్పుడు నీ ముఖం చూసి చెప్పలేదని, గంగులప్ప అడిగినప్పుడు నా ముఖం కోసం చెప్పలేదని.

ఆమె చేతిలో కాయ సగం ఒలిచి అలాగే ఉండిపోయింది.

"ఆ పొద్దు నేనడిగితిని గదా పాపా," అంది.

అడిగావు అన్నాను.

"సిన్నోని మనవడికి ఉగ్గు పెట్టమంటే పెట్టలా నేను. పదేండ్లు ఏ బిడ్డనీ ముట్టలా."

తిట్టలేదు. ఏడవలేదు. పోనీలే అని కూడా అనలేదు. చేతిలో కాయను చాటలో పెట్టి లేచి లోపలికి పోయింది. నేను ఎప్పుడు తిరుగు ప్రయాణమైనా బస్సు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా కిటికీ కమ్మీ పట్టుకుని నిలబడే మనిషి. మరుసటి పొద్దున రాలేదు. కుప్పం నుంచి మదనపల్లె దాకా ఒకటే అనుకున్నాను. నేను చెప్పింది ఆమె కోసమా, నా కోసమా? నా బరువు దించుకుని, పోయే వయసులో ఉన్న ఆమె నెత్తిన పెట్టి వచ్చానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. తూకం వేస్తూనే ఉన్నాను, సంత చెదిరిపోయింది.

పదో దినానికి వెళ్ళాను. కార్యం అయ్యాక, చిన్నాన్న వాళ్ళ పక్క ఇంటి మునెమ్మ నన్ను పిలిచి తన ఇంటికి తీసుకుపోయింది. రాగి చేను ఉన్న సంసారి ఇల్లాలు, నిండు ముత్తైదువ. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి చెప్పింది. తాను నాలుగైదేళ్ళుగా అత్తను అడుగుతోందట, మా విత్తనం కుండకు ఒక్కసారి చెయ్యి వెయ్యమని. ఇంట్లో అత్తగారు వద్దన్నా అడిగిందట. "కొండ దోవలో ఆయమ్మ కాలితో తోసిన గింజలు గూడా లేస్తాండాయి గదమ్మా. ఆ చెయ్యి మా కుండకు తగిలితే సాలనుకుంటి. ఒప్పుకోదే." అడిగిన ప్రతిసారీ చేతులు కొంగులో దాచుకుని వెళ్ళిపోయేదట.

"ఈసారి నేనడగనే లేదు," అంది మునెమ్మ. "రాగులు ఎండబోసుకుని ఉండాను. తానే వచ్చె. గోడ పట్టుకుని, ఆయాసపడతా వచ్చె. మునెమ్మా, మన్ను కలుపు అనె."

అది నేను వెళ్ళి వచ్చిన నెలకు. మెత్తడం అయ్యాక కడుక్కోవడానికి నీళ్ళు తెస్తే వద్దందట. ఎండిన మన్ను చేతులతోనే సాయంత్రం దాకా వాకిట్లో కూర్చుందట. తర్వాత చిన్నాన్న మనవణ్ణి దగ్గరికి పిలిచిందట. వాడికి ఆమె దగ్గర చేరిక లేదు, ఎప్పుడూ ఎత్తుకోలేదుగా. మట్టి చేతులు చూసి వాడు రాలేదట. ఆమె బలవంతం చెయ్యలేదట.

మునెమ్మ లేచి వెళ్ళి, చీకటిగా ఉన్న మూలలో కుండను చూపించింది. దీపం పట్టుకుంది. నేను వంగి చూశాను.

ఇది రాస్తున్నప్పటికి వైశాఖం నడుస్తోంది. మదనపల్లెలో ఆకాశం తెల్లగా కాలుతోంది, వాన జాడ లేదు. రాగి గింజ బూడిదలో మూతేసి ఉంచితే ఏళ్ళు నిలుస్తుంది, ఎవరి చెయ్యి అయినా సరే. అది నాకు తెలుసు. ఈసారి రూఢిగా తెలుసు. అయినా కుండ తెరిచిన రోజు కార్డు ముక్క రాయించమని మునెమ్మకు రెండుసార్లు చెప్పి వచ్చాను. పోస్ట్‌మ్యాన్ గేటు దగ్గర నిలబడితే ఇప్పుడు నా కళ్ళు ముందు కార్డు మూలల మీదికే పోతున్నాయి.

ఆ కుండ మూతి చుట్టూ ఎర్రమన్ను ఎండి సన్నగా బీటలిచ్చింది. వేలిగుర్తులు వరసగా ఉన్నాయి, ముసలి చెయ్యి కదా, లోతు లేదు. మూకుడు అంచున చుట్టు ముగిసిన చోట మాత్రం బొటనవేలి గుర్తు రెండుసార్లు పడి ఉంది. ఒకసారి నొక్కి, ఆగి, తలెత్తి చూస్తే అడగడానికి ఎవరూ లేక, మళ్ళీ తానే నొక్కినట్టు.